పేలికలు ఎవరివి?

మన సాహిత్య విమర్శలో "అతుకుల బొంత" అనేది ఒక తిట్టు. నవలలో ప్రకరణాలు పొసగకపోతే అతుకుల బొంత. నాటకంలో ఉపకథలు ఎక్కువైతే అతుకుల బొంత. సిద్ధాంత వ్యాసంలో నాలుగు చోట్ల నుంచి ఎరువు తెచ్చుకున్న భావాలు ఒకదానితో ఒకటి కలహిస్తూ కూర్చుంటే అదీ అతుకుల బొంతే. ఢిల్లీలో సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడ్డప్పుడల్లా పత్రికలవాళ్ళు ఇదే బిరుదు తగిలిస్తూ వచ్చారు. మన పరిశోధక విద్యార్థులు ఈ మాటను ఎంత విరివిగా వాడుతున్నారంటే, ఇదేదో మమ్మటుడు చెప్పిన కావ్యదోషాల్లో ఒకటేమోనని అనుమానం కలుగుతుంది.

ఈ తిట్టు వెనుక ఒక అజ్ఞానమూ, ఒక వర్గదృష్టీ ఉన్నాయని నా వాదం. అజ్ఞానం సంగతి ముందు తేల్చుకుందాం. రెండోది తేల్చడానికి కాస్త దూరం నడవాలి. కుట్టుపని జరిగే వసారాలోంచి కర్మాగారం గేటు దాకా నడవాలి.

బొంతను తిట్టుగా వాడే విమర్శకుడి ఊహలో బొంత అంటే ఏమిటి? చేతికి దొరికిన గుడ్డముక్కల్ని దొరికిన వరసలో ఎలాగో ఒకలాగ కలిపేయడం. ఈ ఊహ శుద్ధ తప్పు. పెద్ద బొంతదాకా ఎందుకు, చంటిబిడ్డ కింద పరిచే చిన్న బొంతనే తీసుకుందాం. రెండు మూరల పొడుగు, మూరన్నర వెడల్పు. దానికి కావలసిన సరుకు రెండు రకాలు: అడుక్కీ లోపలికీ బాగా ఉతికి నలిగిన నూలుచీర, పైకి, కుట్టుపనిలో మిగిలిన ముక్కలు. దర్జీ దగ్గర మిగిలే ముక్కలు చదరంగా ఉండవు. రవికె కత్తిరిస్తే మెడ దగ్గర అర్ధచంద్రాకారం, చంక దగ్గర కొడవలి ఆకారం, చేతుల పక్కన మొనదేలిన పీలికలు మిగులుతాయి. వీటిలో కొన్ని పడుగు వెంట తిన్నగా తెగినవి. కొన్ని ఏటవాలుగా తెగినవి, దర్జీలు "క్రాసు" అంటారు. క్రాసుగా తెగిన అంచు సాగుతుంది. సాగే అంచులు రెండింటిని పక్కపక్కన పెట్టి కుడితే మొదటి ఉతుకుకే బొంత ఉబ్బి మెలితిరుగుతుంది. కనుక సాగే ముక్కకు సాగని ముక్కను తోడివ్వాలి. కొత్తగుడ్డ తడిస్తే కుంచించుకుపోతుంది, రంగు దిగుతుంది. పాతగుడ్డ ఆ పని ఎప్పుడో ముగించుకుంది. కాబట్టి కొత్త ముక్కల్ని ముందే తడిపి ఆరేసి మరీ తీసుకోవాలి. ముక్కకు ముక్క కలిసేచోట గుడ్డ రెండు మూడు మడతలై గట్టు కడుతుంది. ఆ గట్లు బిడ్డ తలా వీపూ ఆనేచోట పడకుండా అంచులవైపు జరపాలి.

ఇంతా అయితే, కుట్టు ఇంకా మొదలు కాలేదన్నమాట. పొరలన్నీ నేలమీద సాపుగా పరిచి, మూలల మీద బరువులు పెట్టి, నడుమ నుంచి నాలుగు పక్కలకూ పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటారు. ముడత ఉంటే అది అంచుకు జరిగి బయటికి పోవాలి గాని నడుమ ఇరుక్కోకూడదు. ఆ తరవాతనే అసలు కుట్టు. వరసకూ వరసకూ ఎడం ఎక్కువైతే ఉతికినప్పుడు లోపలి పొర జారి ముద్ద కడుతుంది. మరీ దగ్గరైతే బొంత మెత్తదనం పోయి అట్ట అవుతుంది. పొరలు ఎక్కువ పెడితే వానాకాలంలో ఆరదు. తక్కువ పెడితే తడి నేలదాకా దిగుతుంది. ఇన్ని నిర్ణయాలు చేసిన తరవాత, ఆ పనికి "కూర్పు లేదు" అని ఒక ఎమ్మే ప్యాసయిన పెద్దమనిషి తీర్పు చెబుతాడు.

పైగా ఈ పనికి అంతటా ఒకే పద్ధతి అని కూడా లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలని ఒక ప్రజ ఉన్నారు. ఆఫ్రికా నుంచి బానిసలుగానూ సైనికులుగానూ వచ్చి స్థిరపడినవారి సంతతి. వాళ్ళ స్త్రీలు కుట్టే బొంతకు కవంది అని పేరు. అది ఒక మూల నుంచి మొదలై, అంచు వెంట చుట్టు తిరుగుతూ లోపలికి నడుస్తుంది. చివరికి నడుమకు చేరుతుంది. నాలుగు మూలలా గుడ్డను ముక్కోణంగా మడిచి పువ్వుల్లాంటివి కుడతారు. అవి లేకపోతే కవంది బట్ట కట్టని మనిషితో సమానమని వాళ్ళ భావన. అంచు నుంచి నడుమకు పోయే సంప్రదాయం ఒకటి, నడుమ నుంచి అంచుకు పోయే సంప్రదాయం ఇంకొకటి. దీన్ని శిల్పభేదం అంటారా, అనరా? ఇదే భేదం రెండు నవలల మధ్య కనిపిస్తే మనవాళ్ళు పరిశోధనపత్రం రాయరూ?

"కన్యాశుల్కం" సంగతి చూడండి. 1909 నాటి రెండో కూర్పులో నిర్మాణం వదులైందనీ, కథ పక్కదారులు పట్టిందనీ ఆక్షేపణ చాలా పాతది. ఆక్షేపించినవాళ్ళు వస్త్వైక్యమనే కొలబద్ద పట్టుకుని బయలుదేరారు. ఏకాండీగా నేసిన బట్టే బట్ట అని వాళ్ళ నిశ్చయం. కాని గురజాడ చేతిలో ఉన్న సమాజం ఏకాండీగా లేదు. అగ్రహారం వేరు, విజయనగరం వేరు. పూటకూళ్ళమ్మ ఇల్లు వేరు, కోర్టు ఆవరణ వేరు. ఒకదాని పడుగు ఇంకొకదానికి కలవదు. వీటన్నిటినీ కలిపి పట్టి ఉంచే దారం ఎక్కడుందో వెతకవలసిన విమర్శకుడు అతుకులు లెక్కపెట్టి సరిపెట్టుకున్నాడు. బొంత కుట్టడం తెలిసిన విమర్శకుడైతే ఇలా చేసేవాడు కాదని నాకు తోస్తుంది. అతను ముందు అడిగే ప్రశ్న: "ఇది ఉతుకుకు ఆగిందా?" నూరేళ్ళు దాటినా "కన్యాశుల్కం" ఆగింది. ఏకవస్త్రాలుగా పేరుపొందినవెన్నో ఆగలేదు.

ఇక వర్గదృష్టి. చిత్రమేమిటంటే, మన సంప్రదాయంలో పేలికల బట్టకు గౌరవం లేకపోలేదు. సంస్కృతంలో దీన్ని కంథ అంటారు. మోహముద్గరంలో వీధి పేలికలతో కుట్టిన కంథ తొడుక్కున్న యోగి కనిపిస్తాడు. బౌద్ధ భిక్షువుల పాంసుకూల చీవరం దుమ్ములో పారేసిన గుడ్డలతో కుట్టుకున్నదే. వినయపిటకంలో ఒక ఉదంతం ఉంది: బుద్ధుడు మగధ దేశపు వరిమళ్ళను, వాటి గట్లను చూపించి, చీవరాన్ని ఆ రీతిగా కూర్చగలవా అని ఆనందుణ్ణి అడుగుతాడు, ఆనందుడు కూర్చి చూపిస్తాడు, బుద్ధుడు అతని తెలివిని మెచ్చుకుంటాడు. ఇది చాలా అందమైన ఉదంతమని నేనూ ఒప్పుకుంటాను. అయితే గమనించండి: మళ్ళూ గట్లూ చూసి గుడ్డముక్కలు కూర్చిన ఆనందుడి పేరు రెండున్నర వేల ఏళ్ళు నిలిచింది. అదే పని ప్రతి ఊళ్ళో, ప్రతి తరంలో చేసిన ఆడదాని పేరు ఆమె మనవలకు కూడా గుర్తులేదు. సర్వం విడిచిన మగవాడు పేలికలు కట్టుకుంటే వైరాగ్యం. విడవడానికి ఏమీ లేని ఆడది పేలికలు కుడితే అతుకుల బొంత!

ఈ తిట్టు ఒక పక్క నడుస్తూ ఉండగానే, ఇంకో పక్క నుంచి బొంతకు కొత్త ఆదరం బయలుదేరింది. తిట్టుకంటే ఈ ఆదరం ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. పత్రికల మహిళల పేజీలు తిరగెయ్యండి. "మిగిలిన గుడ్డముక్కలతో ముచ్చటైన చిన్న బొంత" అని శీర్షిక. టీకప్పు కిందికో, పొయ్యి మీది గిన్నె పట్టుకోవడానికో పనికొచ్చే జానెడు వస్తువు. దాని తయారీకి కావలసిన పరికరాల జాబితాలో చక్రపు కత్తి, కొలత గీతలున్న చాప, అమెరికా దూది పొర! "మిగిలిన ముక్కలు" లేనివారు విచారించనక్కరలేదు. అవి పొట్లాలుగా దొరుకుతాయి. తానులకు తానులు కొత్తబట్టను చదరాలుగా, పట్టీలుగా కోసి, రంగులు జతచేసి, పొట్లం కట్టి అమ్మే వ్యాపారం అమెరికాలో పెద్దదిగా నడుస్తున్నది. మనదాకా కూడా వచ్చింది. అంటే మిగులు అనేదాన్ని మిగలకముందే తయారుచేస్తున్నారు. పొదుపు అనే సరుకును డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. పెట్టుబడిదారీ విధానం ఏదైనా అమ్మగలదని తెలుసు గాని, లేమిని కూడా ముక్కలుచేసి అమ్మగలదని ఊహించడం కష్టమే.

ఈ ఆదరం ఎలాంటిదో ఒక కళాశాలలో జరిగిన హస్తకళల పోటీలో చూశాను. విషయం "వృథా వస్త్రంతో చిన్న బొంత". బహుమతి పొందిన బొంత పైన చెప్పిన పొట్లంతో తయారైంది. రంగులన్నీ ఒక కుటుంబానివి, అంచులు గీత గీసినట్టున్నాయి. దాని పక్కన ఇంకొక బొంత ఉంది. అది తెచ్చిన అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. తల్లి ఇంట్లో మిషను పెట్టుకుని రవికెలు కుడుతుంది. కుంకుమరంగూ, చిలకపచ్చా, ముదురు పసుపూ ఒకదానిమీద ఒకటి అరుస్తున్నట్టున్న ముక్కలు. కుట్టు మాత్రం అచ్చు గుద్దినట్టుంది. న్యాయనిర్ణేతలలో ఒకామె దాన్ని అటూ ఇటూ తిప్పి, "రంగుల ఎంపికలో అభిరుచి లేదమ్మా" అన్నారు. "మాఘమాసంలో వచ్చినవన్నీ పెళ్ళి రవికెలే మేడమ్, ఇంకో రంగు రాలేదు" అని ఆ పిల్ల జవాబు చెప్పింది. ఆ జవాబుకు మార్కులు లేవు. ఆ బొంత ఒక నెల కూలిపనికి లెక్కల పుస్తకం. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని రవికెలు, ఎన్ని రాత్రులు అనేది అందులో ఉంది. "వృథా వస్త్రం" అని విషయం ప్రకటించిన పోటీలో, నిజంగా మిగిలిన వస్త్రానికి స్థానం లేకపోయింది.

మహిళల పేజీ చేసే పని చిన్నది. ప్రదర్శనశాల చేసేది పెద్దది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో అలబామా నది వంపులో జీస్ బెండ్ అని ఒక ఊరుంది. ఒకప్పటి పెట్‌వే తోటల బానిసల సంతతి అక్కడ నివసిస్తున్నారు. ఊళ్ళో చాలామందికి ఇంటిపేరు ఈనాటికీ ఆ యజమాని పేరే. నల్ల స్త్రీలు పొలంపనిలో చిరిగిన ప్యాంట్లతో, దాణా సంచులతో చలికి బొంతలు కుట్టుకున్నారు. ఓటు హక్కు కోసం ఉద్యమం రేగినప్పుడు, 1962లో, ఆ ఊరికి కౌంటీ పట్నంవైపు పోయే పడవ ఆగిపోయింది. మళ్ళీ 2006లో గాని నడవలేదు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ కంపెనీ కోసం కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు వచ్చింది. ఆ కార్డురాయ్ కత్తిరింపులు ఇళ్ళకు చేరి బొంతలయ్యాయి. ఆ బొంతలే 2002లో హ్యూస్టన్ లలితకళల ప్రదర్శనశాల గోడల మీదికీ, అక్కడినుంచి న్యూయార్కు విట్నీ ప్రదర్శనశాలకూ ఎక్కాయి. కళావిమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళతో పోల్చి ఆశ్చర్యపోయారు. 2006లో తపాలాబిళ్ళలు వెలువడ్డాయి. 2007లో కుట్టినవాళ్ళలో కొందరు తమకు న్యాయంగా రావలసింది రాలేదని కోర్టుకెక్కారు. మరుసటి ఏడు ఆ వ్యాజ్యాలు ముగిశాయి. ఆ వ్యాజ్యాల్లో తప్పొప్పులు తేల్చడం నా పని కాదు. నేను చెప్పేదల్లా ఇది: బొంత గోడమీదికి ఎక్కగానే దాని విలువ ఎవరిదనే ప్రశ్న పుట్టింది. మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

మన వంగదేశపు కంథల చరిత్ర కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. పాతచీరల పొరలు, చీర అంచుల నుంచి లాగిన రంగుదారాలు, వాటితో కుట్టిన పద్మాలు, రథాలు, ఏనుగులు. గురుసదయ్ దత్తు వాటిని సేకరించాడు. స్టెల్లా క్రామ్రిష్ 1939లో వాటి మీద పాండిత్యంతో వ్యాసం రాసింది. ఆమె సేకరణ ఇప్పుడు ఫిలడెల్ఫియా ప్రదర్శనశాలలో ఉంది. వాళ్ళకు మనం ఋణపడి ఉన్నాం, సందేహం లేదు. కాని ఆ కంథల మీద పేరు కుట్టుకున్నవాళ్ళు బహు కొద్దిమంది. మిగిలినవన్నీ "పందొమ్మిదో శతాబ్దం, అవిభక్త వంగం" అనే చీటీతో వేలాడుతున్నాయి.

ఇంతదాకా విన్న తరవాత మన మిత్రులు కొందరు లేచి, "మీరు దారిద్ర్యాన్ని కీర్తిస్తున్నారు. బొంత అనేది భూస్వామ్య సమాజపు చిహ్నం. ఆడదాని కళ్ళు పోగొట్టే వెట్టిచాకిరీ. రేపు సమసమాజం వస్తే ప్రతివాడికీ కొత్త దుప్పటి వస్తుంది, బొంతతో పని ఉండదు" అంటారు. అనడమేమిటి, నాతో అన్నారు. ఈ వాదాన్ని తేలిగ్గా తీసుకోను. ఇందులో సగం నిజం ఉంది. ఇంటిచాకిరీ స్త్రీని చిదిమి వేస్తున్నదని, ఆమె ఇంకా గృహబానిసే అని 1919లో లెనిన్ ఎంత కటువుగా రాశాడో మనకు తెలుసు. మన దేశంలో 2019లో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడుపుతున్నది. పాల్గొన్న పురుషుడు 97 నిమిషాలు. పాల్గొనే పురుషులైనా నూటికి ఇరవై ఆరుగురే. ఆ 299 నిమిషాల్లో బొంత కుట్టే గంట కూడా ఉంది. దీపం దగ్గర కళ్ళు చికిలించి కుట్టిన కుట్టును చూసి "ఆహా, ఏమి ధ్యానం!" అని పరవశించే రచయితలమీద నాకు ఏ సానుభూతీ లేదు. 1943 తరవాత కంట్రోలు బట్టకోసం క్యూల్లో నిలబడ్డ దేశం మనది. వంగదేశంలో ఒంటిమీదికి గుడ్డలేక ఆడవాళ్ళు ఇల్లు కదలలేకపోయిన రోజుల మీద మాణిక్ బందోపాధ్యాయ కథ రాశాడు. అదే 1943లో బ్రిటిష్ ప్రభుత్వం తన ప్రజలకు, ఉన్నదానితో సరిపెట్టుకుని అతుకులు వేసుకొండని కరపత్రాలు పంచిపెట్టింది. అతుకు వేసుకొమ్మని పైనుంచి ఉపదేశం దిగినప్పుడల్లా ఎక్కడో బట్ట దాగి ఉందని అర్థం.

కాని మిత్రుల వాదంలో రెండో సగం నిలవదు. చాకిరీ పోవాలి అనడానికీ, ఆ చాకిరీలో మనుషులు పెంచుకున్న జ్ఞానం పనికిమాలినది అనడానికీ చాలా దూరం ఉంది. వెట్టి పోవాలని రైతుకూలీ పోరాడితే, అతనికి తెలిసిన సేద్యం కూడా పోవాలని మనం అన్నామా? ఇక ఆ "కొత్త దుప్పటి" సంగతి. హర్యానాలో పానిపట్టు అనే పట్నం చరిత్ర విద్యార్థులకు మూడు యుద్ధాల మూలంగా తెలుసు. ఈనాడు అది ప్రపంచంలోని పాత ఉన్నిబట్టలకు గమ్యస్థానం. యూరపూ అమెరికా విడిచేసిన కోట్లూ స్వెట్టర్లూ మూటలుగా అక్కడికి దిగుతాయి. స్త్రీలు కూర్చుని బొత్తాలూ జిప్పులూ కోసి తీస్తారు, రంగులవారీగా గుట్టలు పోస్తారు. యంత్రం వాటిని పీచుచేస్తుంది, పీచు నూలవుతుంది, నూలు దుప్పటి అవుతుంది. వరదలకూ భూకంపాలకూ పంచే చవక దుప్పట్లు చాలావరకు అవే. కాబట్టి మన మిత్రుడి కొత్త దుప్పటి కూడా పేలికల దుప్పటే! తేడా అల్లా, బొంతలో ఏ ముక్క ఎవరిదో కుట్టినదానికి తెలుసు. దుప్పటిలో ఎవరికీ తెలియదు, లాభం తీసుకున్నవాడికి తప్ప. పేలికలు ఏరే పని ఎంత నీచమైన కూలికి, ఎంత రోగభయంతో స్త్రీలచేతా ఆడపిల్లలచేతా చేయించేవారో మార్క్స్ 1867లోనే "పెట్టుబడి" మొదటి సంపుటంలో చెప్పాడు. మశూచి మొదట వాళ్ళనే పట్టుకునేదని కూడా చెప్పాడు.

మార్క్స్ పేరు వచ్చింది గనుక ఒక మాట. ఇరవై గజాల నారబట్ట ఒక కోటుకు సమానమనే ఆయన సమీకరణం మనమందరం తరగతుల్లో వల్లించిందే. ఆ కోటు కత్తిరించినప్పుడు కింద రాలిన ముక్కల గురించి అక్కడ ప్రస్తావన లేదు. ఆ సందర్భానికి అక్కరలేదు కూడా. అయితే రాలిన ముక్క ఎవరిది అనే ప్రశ్నతోనే ఆయన అర్థశాస్త్రంలోకి అడుగుపెట్టాడని మరిచిపోకూడదు. 1841లో రైన్ ప్రాంతపు శాసనసభ, అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని దొంగతనంగా నిర్ణయించే చట్టం చర్చించింది. పేదలు తరతరాలుగా ఏరుకుంటున్న పుల్లలవి. రాలిన కొమ్మ చెట్టుదా, చెట్టు యజమానిదా, ఏరుకున్నవాడిదా? యువకుడైన మార్క్స్ పేదల ఆనవాయితీ హక్కు పక్షాన నిలబడి రాశాడు.

గుడ్డ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో దర్జీ కత్తిరింపులో మిగిలిన ముక్కలు దర్జీవనే ఆచారం ఉండేది. వాటికి "క్యాబేజీ" అని మారుపేరు కూడా ఉండేది. మగ్గం మీద పడుగు చివర మిగిలే పోగులు నేతగాడివి. కూలి డబ్బుతోపాటు ఇదీ కూలిలో భాగమని పనివాళ్ళ దృష్టి. యజమానుల దృష్టిలో ఇది దొంగతనం. 1777లో ఉన్నినూలు పరిశ్రమకోసం ప్రత్యేక చట్టం చేసి, ఇన్‌స్పెక్టర్లను పెట్టి, ఇళ్ళు సోదా చేయించి, నూలు మిగుల్చుకున్న పనివాళ్ళను శిక్షించారు. నిన్నటిదాకా హక్కు అయినది ఇవాళ నేరమైంది. ఆ మార్పుతో పేలిక అనేది పుట్టింది. అంతకుముందు అది "మిగులు" కాదు, కూలి.

ఇప్పుడు మన గేటు దగ్గరికి వద్దాం. దుస్తుల కర్మాగారంలో బట్టను పొరలు పొరలుగా పరిచి యంత్రపుకత్తితో కోస్తారు; బట్టలో నూటికి పదీ పదిహేను వంతులదాకా ఆ కోతలోనే పోతుందని అంచనా. ఈ తుక్కు పారేయరు. తిరుప్పూరులో బనియన్ల కోత ముక్కలు మూటలు కట్టి అమ్ముతారు. కొంత మళ్ళీ నూలవుతుంది, కొంత "బనియన్ వేస్టు" పేరుతో దేశమంతటా మెకానిక్కుల చేతుల్లో గ్రీజు తుడుస్తుంది. ఢాకాలో ఈ తుక్కును "ఝూట్" అంటారు. దాని కాంట్రాక్టులకోసం అక్కడ రాజకీయ ముఠాలు తన్నుకుంటాయి, మనుషులు చచ్చిపోతుంటారు. 2013 ఏప్రిల్ 24న రాణాప్లాజా కూలి 1,134 మంది చనిపోయింది ఆ నగరం శివార్లలోనే. గుడ్డముక్కకు విలువ లేకపోతే ముఠాలెందుకు? విలువ ఉన్నదని అందరికీ తెలుసు. కుట్టే పిల్లకు మాత్రం లేదని చెబుతారు. విశాఖ దగ్గర అచ్యుతాపురంలోనూ, బెంగుళూరు చుట్టుపక్కలా వేలాది మన ఆడపిల్లలు మిషన్ల ముందు కూర్చుంటున్నారు. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చే పిల్ల టిఫిన్‌డబ్బాలో గుప్పెడు ముక్కలు దొరికితే అది దొంగతనం. అవే ముక్కలు టన్నుల లెక్కన కాంట్రాక్టరుకు పోతే వ్యాపారం. ఆ కాంట్రాక్టరు దగ్గర కొని, ఎవరో సంస్థవారు ఇంటిపట్టున ఉండే స్త్రీలచేత చిన్న బొంతలుగా, సంచులుగా కుట్టించి, "పర్యావరణ హితం" అనే చీటీ తగిలించి నగరంలో అమ్మితే, అది అప్‌సైక్లింగ్! అలా కుట్టే స్త్రీ కర్మాగారపు కార్మికురాలు కాదు, రోజుకూలీ కాదు; ముక్కకు ఇంతని కుడుతుంది. దారం ఆమెది, సూది ఆమెది, కరెంటు ఆమెది. ఇంటివద్ద పనిచేసేవారికి ఇతర కార్మికులతో సమాన హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. భారత ప్రభుత్వం దాన్ని ఇంతవరకు ధ్రువీకరించలేదు. ఈ సంగతి తెలిసిన ఎమ్మే విద్యార్థులు మన తరగతుల్లో ఎంతమంది? "అతుకుల బొంత" అనే మాట తెలిసినవారు అందరూ.

బొంతకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. దాని గురించి ఎవరూ రాయలేదు గనుక రెండు మాటలు. బొంత బతికింది నూలుచీర మీద. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు చెమట పీలుస్తుంది, చలికి వెచ్చన, ఎండకు చల్లన. పాలియెస్టరు చీర చిరగదు, నలగదు, మెత్తబడదు, పొరలు పెడితే ఒకదానిమీద ఒకటి జారుతుంది, తడిని పీల్చదు. దానితో కుట్టిన బొంత మీద పసిబిడ్డను పడుకోబెట్టలేం. నూలుచీర చవకగా దొరకనినాడు, చేనేతవాడు మగ్గం దిగి వాచ్‌మన్ పనికి పోయిననాడు, బొంత కూడా పోయింది. పాత బట్టలకు స్టీలుగిన్నెలు ఇచ్చే బేరగత్తె వీధిలోకి వస్తే, ఇల్లాలు నూలుచీరలు మాత్రం దాచుకుని మిగిలినవి వేసే రోజులు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు దాచుకోవడానికి ఇంట్లో నూలుచీర లేదు. వేసవి మొదట్లో వీధుల్లో "బొంతలు కుడతాం" అని కేకవేసుకుంటూ తిరిగే స్త్రీలు ఇంకా అక్కడక్కడ కనిపిస్తారు. ఇంటిముందు నీడలో కూర్చుని పూటంతా కుడతారు. బేరం మాత్రం దుప్పటి దుకాణం ధరతో పోల్చి ఆడతారు మనవాళ్ళు; అభ్యుదయ కుటుంబాల్లో కూడా.

మనం చేయవలసిన పనుల్లో ఒకటి తేలిక, మిగిలినవి కష్టం. తేలికది: మన వ్యాసాల్లోంచి ఆ తిట్టు తీసేయడం. పొసగని నవలను పొసగలేదని చెప్పడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. కష్టమైనవి: దుస్తుల కర్మాగారాల్లో పనిచేసే కార్మిక సంఘాలు జీతం బేరంలో కోత తుక్కు లెక్క కూడా అడగాలి. ఎన్ని టన్నులు పోతున్నది, ఎవరికి పోతున్నది, ఏ ధరకు పోతున్నది, ఆ సొమ్ములో కార్మికుల సంక్షేమానికి ఎంత అని. కోత ముక్కలు కోరిన కార్మికురాలు నామమాత్రపు ధరకు చీటీ మీద తీసుకుపోయే హక్కు అడగాలి. గృహకార్మికులకు ముక్కధర నిర్ణయించేటప్పుడు ఆ ముక్కకు పట్టే గంటలు కొలవాలి. దారం ఖర్చు విడిగా ఇవ్వాలి. స్వయంసహాయక సంఘాల స్త్రీలచేత బొంతలు కుట్టించి మేళాల్లో పెట్టే అధికారులను ఈ ప్రశ్నే అడగాలి. బొంత మీద కుట్టినామె పేరు కుట్టి ఉండాలి. జానపద విజ్ఞానం పాఠం చెప్పే ఉపాధ్యాయులు పాటలూ కథలూ సేకరించమని పిల్లల్ని ఊళ్ళమీదికి తోలుతున్నారు, సంతోషం; ఈసారి సెలవుల్లో బొంతలు కుట్టేవారి దగ్గర కూర్చుని, ఏ ముక్క ఎక్కడ ఎందుకు పెట్టారో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకు రమ్మని చెప్పవచ్చు. కుట్ల పేర్లు, ముక్కల పేర్లు, కొలతల మాటలు నిఘంటువుల్లో లేనివి బోలెడు బయటపడతాయి. రాసుకున్నదానికి ఆ పూట కూలి కూడా ఇచ్చి రమ్మనాలి.